పెద్ద గేటు ముందు ముగ్గు

కవిత్వమంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పే ధైర్యం లేనివాళ్ళు వాక్యాన్ని విరగ్గొట్టి ఒకదాని కింద ఒకటి పేరుస్తారని కాలేజీలో తెలుగు మాస్టారితో క్లాసు మధ్యలోనే వాదించాను. ఆయన నా మార్కులు తగ్గించగలిగారు గానీ నా మాట మార్చలేకపోయారు. అలాంటిదాన్ని, మొన్న ఒక కవిత వింటూ దిగాల్సిన స్టేషను దాటిపోయాను.

మెట్రో బయల్దేరేదే ఎల్‌బీ నగర్ నుంచి కాబట్టి నాకు రోజూ సీటు దొరుకుతుంది. కూర్చుని ఫోను తీస్తే మా మేనకోడలు పంపిన వీడియో ఉంది. "అత్తా, ఇందులో మీ దిల్‌సుఖ్‌నగర్ ఉంది. తిట్టకుండా చివరిదాకా విను" అని రాసింది. అది ఇంగ్లీషు సాహిత్యం చదువుతోంది. నా నోటి సంగతి దానికి బాగా తెలుసు.

ఎక్కడో చలిదేశంలో ఒక లైబ్రరీ హాలు. నా ఈడు ఆవిడ, తలకు బూడిదరంగు స్కార్ఫు, కాగితం చూస్తూ ఇంగ్లీషులో చదువుతోంది. చిన్నప్పటి నుంచీ ఆ దేశంలోనే ఉన్నా, బస్సులో ఎవడో ఆమె తల చూసి "మీ ఇంటికి పో" అన్నాడట. ఏ ఇంటికి, అని కవితలో అడుగుతోంది. పక్కింటి ముసలాయన మంచివాడేనట. రోజులు బాగాలేవు, పోస్టు డబ్బా మీద నీ పేరు తీసేసి నా పేరు రాసుకో అన్నాడట. ఆయన చెప్పినట్టే చేసిందట. ఆ రోజు నుంచి ఆమె ఉత్తరాలన్నీ ఆయన పేరు కిందకే వస్తున్నాయట.

అక్కడిదాకా మామూలుగానే విన్నాను. మనసులో వాదిస్తూనే ఉన్నాను కూడా, ప్రాణం కన్నా పేరు ఎక్కువా అని. అప్పుడు ఆమె, "దిల్‌సుఖ్‌నగర్‌లో మాకొక నీలం గేటుండేది" అంది. అంటూనే స్కార్ఫు కొసను చూపుడువేలికి చుట్టుకుంది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

ఆ వేలు నాకు తెలుసు. నా రైలు సరిగ్గా ఆ గేటు ఉండిన చోటు పక్క నుంచే పోతోంది.

కవిత చివర ఏముందో తరవాత చెబుతాను. గేటు సంగతి ముందు చెప్పాలి. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మా ఆయనక్కూడా.

మేం కోస్తా నుంచి నాన్న ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళం. పైవాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళు. ఇంటివాళ్ళంటే ఒక ముసలమ్మ, ఆమె మనవరాలు. కొడుకూ కోడలూ పరాయి దేశంలో స్థిరపడే ప్రయత్నంలో ఉండి పిల్లను ఇక్కడ వదిలారు. ఆ పిల్లకూ నాకూ తొమ్మిదేళ్ళు. అది దాదీమా అని పిలిస్తే నేనూ దాదీమా అనేదాన్ని. అమ్మ మాత్రం మామ్మగారూ అనేది.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల హాస్టళ్ళూ కోచింగ్ బోర్డులూ తప్ప ఆకాశం కనపడదు గానీ అప్పుడు ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ జాగాలు, వాటిలో ఉమ్మెత్త మొక్కలు. గాలి తిరిగితే కొత్తపేట పండ్ల మార్కెట్ వాసన మా వంటింట్లోకి వచ్చేది. లారీలు దించిన గడ్డి, బత్తాయిలు, అడుగున చితికిన పళ్ళు, అన్నీ కలిసిన తీపి వాసన. పదకొండింటికి కింద నుంచి దాదీమా ఖట్టీ దాల్ పోపు పైకొచ్చేది. "మామ్మగారు మళ్ళీ ఎండుమిరపకాయలు మాడ్చేశారు" అని అమ్మ దగ్గేది. దగ్గుతూనే, వెల్లుల్లి ఎంత వేస్తారో కనుక్కురమ్మని నన్ను పంపేది.

మేం మాంసం తినం. అందుకని దాదీమా నాకోసం ఒక చిన్న ఇత్తడి గిన్నె వేరే పెట్టింది. దాని చెవికి ఎర్రదారం కట్టి ఉండేది. అందులో మాంసం ఎన్నడూ వండలేదని ఒట్టు. సేమ్యా పాయసమైనా గుమ్మడి హల్వా అయినా నాకు ఎర్రదారం గిన్నెలోనే. ఆ సంగతి అమ్మకు తెలుసు. తెలియనట్టు ఉండేది. తెలియనట్టు ఉంటోందని దాదీమాకూ తెలుసు. ఇద్దరాడవాళ్ళు గొడవ లేకుండా ఒక ఇంట్లో ఎలా బతకాలో ఆ గిన్నెను చూసి నేర్చుకోవాలి. నేను నేర్చుకోలేదు, అది వేరే విషయం.

ఒకసారి మేమిద్దరం దాదీమా పాన్‌దాన్‌లోని సున్నం డబ్బాలో అమ్మ ముగ్గుపిండి కలిపాం. ఆమె మధ్యాహ్నం పాన్ కట్టుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది.

"ఏందే గీ సున్నం? నోట్ల ముగ్గేసినట్టున్నది!"

నా జతగత్తె కిసుక్కుమంది. అంతే, దొరికిపోయాం. దాదీమా చెప్పు అందుకుని మా వెంట పడి, రెండడుగులకే ఆయాసమొచ్చి కూర్చుని, మమ్మల్నే మంచినీళ్ళు తెమ్మంది.

ముగ్గు దగ్గరా ఒక పద్ధతి ఉండేది. పైకి పోయే మెట్ల దగ్గర పక్కగా చిన్న గేటొకటి ఉండేది. అమ్మ అక్కడే కల్లాపి చల్లి, వరిపిండితో చుక్కలు పెట్టి ముగ్గేసేది. రోడ్డు మీదికి ఉన్న పెద్ద నీలం గేటు వాళ్ళది. ఆ గేటు పక్క స్తంభానికి నీలం పలక మీద తెల్లగా ఏడు వందల ఎనభై ఆరు అంకె ఉండేది. అల్లా పేరుతో మొదలుపెట్టడానికి గుర్తుగా వాళ్ళు రాసుకునే అంకె. అమ్మ పిండి ఎప్పుడూ ఆ గేటుదాకా పోలేదు. పోవద్దని ఎవరూ అనలేదు, అయినా పోలేదు.

కిరాయి ఇంటి పిల్లలకు ఎక్కాలకన్నా ముందు వచ్చే పాఠం ఒకటుంది. కరెంటు మీటరు చూసేవాళ్ళొచ్చినా, చందాకొచ్చినా, చుట్టాల ఇల్లు వెతుక్కుంటూ వచ్చినా, నాన్న నేర్పిన జవాబు ఒక్కటే. "మేం పైన కిరాయికి ఉంటామండీ. ఇంటివాళ్ళు కింద ఉంటారు." మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పేదాన్ని. బాగా చెప్పావని నాన్న మెచ్చుకునేవాడు.

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో ఊళ్ళో గొడవలు లేచాయి. పాతబస్తీలో కర్ఫ్యూ అన్నారు. మరునాటికి మలక్‌పేటదాకా వచ్చిందన్నారు. ఆ మరునాడు మా వైపూ పెట్టారు, మా బడి మూసేశారు. రోడ్డు మీద బస్సుల చప్పుడు ఆగిపోతే ఇంట్లో గోడగడియారం ఎంత గట్టిగా కొట్టుకుంటుందో మొదటిసారి తెలిసింది. మార్కెట్లో పళ్ళు కొనే దిక్కులేక కుళ్ళడం మొదలైంది. రోజూ వచ్చే తీపి వాసన ముదిరి, పులిసి, కిటికీలు మూసినా లోపలికి వచ్చింది. అన్నంలోకి, దిండు గలీబుల్లోకి కూడా వచ్చింది. ఇప్పటికీ బత్తాయి బాగా మగ్గితే నేను ఆ గదిలో ఉండలేను.

పడమటి వైపు పొగ కనపడిందని డాబా మీద నుంచి దిగి వచ్చి అమ్మ నాన్నతో అంది. "పెద్ద గేటు ముందు కూడా నేనే ముగ్గేస్తాను. చూసేవాళ్ళు మన ఇల్లే అనుకుంటారు."

"మనకెందుకొచ్చిన గొడవ? రేపు తెలిస్తే మన మీదికి రారూ?"

"కింద గోడ కాలితే పైన మెట్లు కాలవా? మీకు ఉద్యోగమిచ్చినవాళ్ళు బుర్ర కూడా చూసి ఇచ్చారనుకున్నాను."

నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అది నిన్నటి పేపరు.

అమ్మ మామిడాకులు కోసుకుని కిందికి దిగింది, నేను పిండి గిన్నెతో వెనకాల. స్తంభం మీది పలకకు అడ్డంగా తోరణం కడతానంటే దాదీమా ఆ పలక మీద అరచెయ్యి ఆనించింది.

"ముగ్గెయ్యి తల్లీ, ఒద్దంటలేను. గని అల్లా పేరును ఆకుల చాటున పెట్టి నేను లోపల కూసోవాల్నా?"

"ఆకులూ ఆయనవే కదండీ మామ్మగారూ."

దాదీమా నవ్వేసింది. "మాటలు మస్తు నేర్చినవ్. నీ బిడ్డకు గా నోరు యాడికెల్లి ఒచ్చిందో ఇప్పుడెరికైంది."

అమ్మ నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఎవరడిగినా ఇల్లు మాదే అని చెప్పు. కింద మా మామ్మ ఉంటుందని చెప్పు. కిరాయి మాట నీ నోట రాకూడదు. ఏం చెబుతావు?"

"ఇల్లు మాదే."

"మళ్ళీ."

"ఇల్లు మాదే."

పదిహేను చుక్కల ముగ్గు వేసింది అమ్మ. మెట్ల దగ్గర ఏనాడూ అంత పెద్దది వేయలేదు.

ముగ్గేసిన మూడో రోజు పొద్దున రెండు గంటలు కర్ఫ్యూ సడలించారు. అమ్మా నాన్నా పాలకీ బియ్యానికీ పరుగెత్తారు. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, కదలొద్దన్నారు. నా జతగత్తెను బయటికి రానివ్వడం లేదు. అది కిటికీ ఊచల మధ్య మొహం పెట్టి, నాలుగు రోజుల విసుగంతా నా మీద తీర్చుకోవడానికి సిద్ధంగా ఉంది.

"మీ అమ్మ మా గేటు ముంగట గీతలు గీసింది."

"గీతలు కాదు, ముగ్గు. మీకోసమే వేసింది."

"మాకెందుకు? ముగ్గేస్తే మీదైతదా? గేటు మాది. ఇల్లు మాది. మీరు కిరాయికున్నోళ్ళు. ఎప్పటికైనా పోయేటోళ్ళు."

పోయేటోళ్ళు. ఎన్ని మాటలు పడ్డాను ఈ జన్మలో, ఎన్ని అన్నాను. ఆ మాట గుచ్చుకున్నంతగా ఏదీ గుచ్చుకోలేదు. అది కిటికీ రెక్క ధభాలున వేసేసింది.

అప్పుడు ఇద్దరు మనుషులు వచ్చి పెద్ద గేటు ముందు ఆగారు. ఇస్త్రీ చొక్కాలు, నున్నగా దువ్వుకున్న తలలు. బడికి తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్లలా ఉన్నారు. పెద్దాయన నవ్వాడు.

"పాపా, జర మంచినీళ్ళిస్తవా?"

చెంబుతో ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, కిందికి చూశాడు.

"ముగ్గు మంచిగున్నది. మీ అమ్మ ఏసిందా?"

"ఆఁ."

"అంటే గీ ఇల్లు మీదేనన్నట్టు."

అడగలేదు కూడా, తనే అనేశాడు. నేను తలాడిస్తే చాలు. తలాడించకుండా ఊరుకున్నా చాలు.

"కాదండీ. మేం పైన కిరాయికి ఉంటాం. ఇంటివాళ్ళు కింద ఉంటారు."

ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అలవాటు కొద్దీ వచ్చిందా, కిటికీలోని పిల్ల మీద కోపంతో వచ్చిందా? ఆ రెండింటి మధ్య నేను నలభై ఏళ్ళుగా వాదిస్తూనే ఉన్నాను.

పెద్దాయన ఒక్క వేలితో మామిడాకులు పక్కకు జరిపి పలక చూశాడు. ఆకుల్ని మళ్ళీ యథాస్థానంలో సర్దాడు.

"అట్లనా," అని చెంబు నా చేతికిచ్చాడు. "మంచి పిల్ల. అబద్ధాలాడది."

ఇద్దరూ ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు.

కిటికీ మళ్ళీ తెరుచుకుంది. "ఎవరే ఆళ్ళు? ఏమడిగిన్రు?"

"ఇల్లెవరిదని అడిగారు."

"ఏం చెప్పినవ్?"

దాని వేలికి ఓణీ కొస చుట్టుకుని ఉంది. వేలి చివర రక్తం ఆగి తెల్లబడింది.

"మాదేనని చెప్పాను."

అది ఓణీ కొస వేలి నుంచి విప్పుకుంది. తరవాత లోపలికి పరుగెత్తింది. దాదీమా చెప్పుల్లేకుండా బయటికి వచ్చి నా తల చుట్టూ రెండు చేతులూ తిప్పి, వేళ్ళు తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. "నీ మీది కీడంతా నా మీదికి రానీ బిడ్డా" అంది. ఒక్క వేలు కూడా చప్పుడు చేయకుండా ఉండలేదు. సాయంత్రం ఎర్రదారం గిన్నెలో సేమ్యా పంపింది. ఆ రోజుల్లో పాలు ఎక్కడ దొరికాయో ఆమెకే తెలియాలి. గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, తిన్నాను. గిన్నె వేలితో ఊడ్చి మరీ తిన్నాను.

మరునాడు పొద్దున పెద్ద గేటు ముందు ముగ్గు చెరిగి ఉంది. "ఏ గేదో తొక్కింది" అని అమ్మ మళ్ళీ వేసింది. ఆ మరునాడూ చెరిగింది. ఈసారి పిండి మీద చెప్పుల అచ్చులు కనపడ్డాయి. మెట్ల దగ్గర మా ముగ్గు మాత్రం ఒక్క చుక్కైనా చెదరలేదు. అమ్మ గేదె మాట ఎత్తలేదు. మూడో రోజు తలుపు తీసేటప్పటికి తోరణం లేదు. తెంపి విసిరెయ్యలేదు కూడా. ముగ్గుండే చోట మధ్యలో ఆకుల్ని ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చి పెట్టారు. స్తంభం మీద పలకను ఎవరో తడిగుడ్డతో తుడిచారు. ఎన్నడూ లేనంతగా మెరుస్తోంది.

దాదీమా గేటు దగ్గర నిలబడి ఆ ఆకుల్ని చూసింది. పిండి గిన్నెతో వచ్చిన అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇంకొద్దు తల్లీ."

"ఎవరు చెప్పుంటారండీ మామ్మగారూ?"

"నీ బిడ్డ మాదేనని చెప్పింది. ఇంకెవరో చెప్పిన్రు. లోకంల నోళ్ళు చానా ఉంటయ్."

నేను అమ్మ కుచ్చిళ్ళ వెనక నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పొచ్చు. తప్పు చెప్పానని ఒక్క మాట. నా అంత నోరున్న పిల్ల వీధి మొత్తం మీద లేదని పేరు. ఆ నోరు పెగల్లేదు.

అదే వారంలో, సడలించిన రెండు గంటల్లో, వాళ్ళు ఆటో ఎక్కి మలక్‌పేటలో చుట్టాలింటికి పోయారు. అక్కణ్ణుంచి కొడుకు దగ్గరికి. రెండు పెట్టెలు, పాన్‌దాన్, ఒక పరుపుచుట్ట. ఆటోలో కూర్చుని నా జతగత్తె వేలికి ఓణీ చుట్టుకుంటూ నన్నే చూసింది. పోయేటోళ్ళం మేమని అన్నది అదే, పోయిందీ అదే. ఎర్రదారం గిన్నెను దాదీమా మా మెట్ల మీద బోర్లించి పెట్టి పోయింది. ఇప్పుడు మా ఇంట్లో చింతపండు నానేసేది అందులోనే. దారం ఎప్పుడో ఊడిపోయింది.

ఏ రాయీ పడలేదు. ఏ నిప్పూ అంటుకోలేదు. ఇంటికి తాళం పడింది, తరవాత చేతులు మారింది, మేమూ ఖాళీ చేశాం, గేటు పోయింది, ఐదంతస్తుల హాస్టలు లేచింది. అంత మాత్రానికి నీ తప్పేముంది, తొమ్మిదేళ్ళ పిల్లవి, ఆ పలక ఊరందరికీ తెలిసిందే, నువ్వు చెప్పకపోయినా తెలిసేది. ఇవన్నీ నేను వాదించినవే. ప్రతిసారీ నేనే గెలిచాను. గెలిచిన ప్రతిసారీ ఆ పెద్దమనిషి "మంచి పిల్ల" అంటాడు.

ఇక కవిత చివర.

నీలం గేటు, దాని ముందు పక్కవాళ్ళు వేసిన తెల్లటి పువ్వు, ఆకుల చాటున మా దేవుడి పేరు, అని చదివింది ఆమె. పైవాటాలో ఒక అమ్మాయి ఉండేదట. ఇద్దరు మనుషులొచ్చి ఇల్లెవరిదని అడిగితే, ఎవరూ చెప్పమని బతిమాలకుండానే, మాది అందట. "విమానాశ్రయంలో, బస్సులో, కాగితాల వరసల్లో, నీ ఇల్లేదని నన్ను అడిగిన ప్రతిసారీ నేను ఆ అమ్మాయి నోటి వెంట వచ్చిన అబద్ధంలోకి పోయి తలుపేసుకుంటాను. నన్ను ఏమీ అడగకుండా ఉండనిచ్చిన దేశం అదొక్కటే" అని చదివి, కాగితం మడిచి, స్కార్ఫు కొస వేలి నుంచి విప్పింది.

హాలంతా చప్పట్లు కొట్టింది. వీడియో కింద ఎవరెవరో ఆ అమ్మాయి చల్లగా ఉండాలని రాశారు. ఆ పిల్ల పేరేమిటని ఒకరు అడిగితే ఆవిడ, చెప్పను, మళ్ళీ ఎవరైనా పోయి ఆమె గేటు ముందు నిలబడతారు అని జవాబిచ్చింది. అప్పటికి నేను దిగాల్సిన మలక్‌పేట ఎప్పుడో దాటిపోయింది.

సాయంత్రం మేనకోడలికి మొత్తం చెప్పాను. ఆవిడ చిరునామా సంపాదించి పెట్టమన్నాను. అది కళ్ళింత చేసుకుంది.

"చెప్పేస్తావా? ఎందుకత్తా? అంత చలిలో ఆవిడకున్నది ఆ ఒక్క గదే. నీ మనసు తేలికవ్వడానికి దాన్ని కూల్చేస్తావా?"

"తేలికవడానికి కాదు. ఆవిడ దాక్కునే చోటుకు తలుపు లేదే. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు."

"తెలిసి ఊరుకుంటే ఏం?"

"ఊరుకునే చూశాను కదా నలభై ఏళ్ళు."

"నీతో వాదించలేను."

"ఎవరూ వాదించలేరు, అదే నా ఖర్మ" అన్నాను. అన్నాక, దాని మాటే నిజమేమోనన్న భయం పట్టుకుంది. అది ఇప్పటికీ వదల్లేదు.

నా జతగత్తె బళ్ళో నాతోపాటే తెలుగు చదివింది. అందుకని తెలుగులోనే రాశాను, వాక్యాలు ఎక్కడా విరగ్గొట్టకుండా. "నేను పైవాటా పిల్లను. ఆ రోజు వాళ్ళతో మాదని చెప్పలేదు. మీదని చెప్పాను. నీతో మాత్రమే మాదని చెప్పాను. దాదీమా సేమ్యా తిన్నాను. ఆమె ఏ మట్టిలో పడుకుని ఉందో అక్కడికి కూడా ఈ మాట చేరవెయ్యి." పంపేశాను. చదివినట్టు గుర్తు అదే రోజు పడింది. జవాబు రాలేదు.

తొమ్మిది రోజులైంది. పొద్దున్నే లేచి, మొహం కూడా కడక్కుండా ఫోను తీసి చూస్తున్నాను. ఆ ఇద్దరూ వచ్చిపోయాక మూడు పొద్దుల్లోనూ, అమ్మ కంటే ముందు లేచి, ముగ్గు ఉందో చెరిగిందో చూడ్డానికి మెట్లు దిగేదాన్ని. అలాగే.